గండిపేట పైన: కట్టనివ్వకపోవడమా, కట్టాక శుద్ధి చేయడమా?

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ పక్కన కట్టిన జలాశయాలు గండిపేట, హిమాయత్‌సాగర్. వాటి నీటిని కాపాడటానికి దారులు రెండు. 1996 నాటి 111 జీవోది మొదటిది: చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. రెండోది, కట్టుకోనిచ్చి మురుగును ఎస్‌టీపీల్లో (మురుగు శుద్ధి ప్లాంట్లలో) శుద్ధి చేయడం. 2022లో 69 జీవో మొగ్గింది ఇటే.

మొదటిదాంట్లో వడపోత పని నేలే చేసిపెడుతుంది. భారం మాత్రం రైతుది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే ఆయనకు మండదా?

రెండోది కాగితం మీద బాగుంటుంది. మా అపార్ట్‌మెంట్‌లోనూ ఎస్‌టీపీ ఉంది. కరెంటు బిల్లు చూసి కమిటీ రాత్రిళ్లు ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ ఆపించేసింది. కొన్నాళ్లకే సెల్లార్ నిండా కుళ్లు కంపు, ట్యాంకులో నల్లటి నీళ్లు. గాలి అందకపోతే మురుగును తినే బ్యాక్టీరియా బతకదు మరి. ఒక్క బిల్డింగ్‌కే ఇలా ఉంటే 84 గ్రామాల మోటార్లకు రాత్రంతా కాపలా ఎవరు?

నా ఓటు మొదటిదానికే, ఒక షరతు మీద. రైతు వదులుకున్న కట్టుబడి హక్కును టీడీఆర్‌గా, అంటే వేరేచోటికి బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కుగా ఇచ్చి, సిటీలో అమ్ముకోనివ్వాలి.