ఐదు లక్షల కార్డు కన్నా ఫ్రీ బస్సే ఎక్కువ పనికొచ్చింది: అమ్మ వైద్యంతో రెండేళ్లు

నాన్న పోయిన ఏడాదికి అమ్మ కడుపులో మంట అనడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు 72. గ్యాస్ మాత్రలు, ఎండోస్కోపీ, రెండు ప్రైవేటు ఆసుపత్రులు, ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. తెల్లవారుజామున మూడింటికే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటుందన్న సంగతి వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఒక రాత్రి టెన్షన్ తట్టుకోలేక 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, మనసు బాధలు చెప్పుకునే హెల్ప్‌లైన్, కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. "నాకేమన్నా పిచ్చా?" అని అమ్మ ఫోన్ పట్టుకోలేదు. రెండో వారం పట్టుకుంది. అవతలి అబ్బాయి నాన్న గురించి అడిగాడట, అరగంట చెప్పింది. ఇది డిప్రెషన్‌లా ఉంది, జిల్లా ఆసుపత్రిలో చూపించండి అన్నది వాళ్లే.

అక్కడి సైకియాట్రిస్టు తొందరపడలేదు. ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారు. చిన్న డోసుతో మాత్ర మొదలుపెట్టి, రెండు వారాలకు సోడియం పరీక్ష చేయించారు. పెద్దవాళ్లలో ఈ మాత్రలకు సోడియం పడిపోవచ్చట. ఆరు వారాలకు అమ్మ ఐదింటిదాకా నిద్రపోయింది. మంట మాట మళ్లీ ఎత్తలేదు.

డాక్టరు విషయంలో వంక పెట్టను. ఏర్పాటు విషయంలో పెడతాను. సైకాలజిస్టు పోస్టు ఖాళీ. మాత్రలు ఉచితమే కానీ ఒకసారి పదిహేను రోజులకే ఇస్తారు, ఒక్కోసారి బయట కొనుక్కోమంటారు. మాకు అది నలభై కిలోమీటర్లు. అమ్మ బీపీ మాత్ర 104 బండిలో ఊళ్లోకే వస్తుంది, పింఛను ఒకటో తారీఖున గుమ్మంలోకి వస్తుంది. ఆ బండిలోనే ఈ మాత్ర కూడా పెడితే ఏం పోయింది?

సర్కారు దగ్గర డబ్బు లేక కాదు. డెబ్బై దాటినవాళ్లకు ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యమని 2024 అక్టోబరులో కేంద్రం ఆయుష్మాన్ కార్డు వచ్చింది. మేమూ తీసుకున్నాం, బీరువాలో ఉంది. అడ్మిట్ అయితేనే పనికొస్తుంది. మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా బీమా చేయాలని 2017 చట్టం చెబుతోంది కదా అని ఒక ప్రైవేటు బీమా ఆఫీసులో అడిగితే, వాళ్లూ "అడ్మిట్ అయ్యారా?" అనే అడిగారు. ఈ రెండేళ్లలో అమ్మకు మంచం అవసరమే పడలేదు. పడకూడదనే కదా మందులు వాడుతున్నది! మా ఖర్చంతా ఆటోలు, బస్సులు, పోయిన నా కూలి రోజులు. అందుకే 2025 ఆగస్టు 15న మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచితమయ్యాక మాకు నిజంగా ఊపిరి ఆడింది. అమ్మకూ టికెట్ లేదు, నాకూ లేదు.

వెళ్లేవాళ్లు సోమవారం మానుకోండి, జనం ఎక్కువ. బీపీ, షుగర్ మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి, డాక్టరు తప్పకుండా అడుగుతారు. ఓపీ దగ్గర కూర్చోవడానికి బల్లలు చాలవు, మేము మడత కుర్చీ మోసుకెళ్తున్నాం.