ఫ్యాన్ పొయ్యిలో పొగ రాదు, ఫ్యాన్ తిరిగినంతసేపూ

కర్రల పొయ్యి మాటొస్తే మా చుట్టాల్లో రెండు పార్టీలు లేస్తాయి. ఫ్యాన్ ఉన్న పొయ్యి పార్టీలో నేనొక్కణ్ణే. అవతలి పార్టీకి పెద్ద మా బావగారు. భీమిలిలో ఆయన దొడ్లో ఉన్నది గ్రీన్‌వే పొయ్యి. దానికి ఫ్యానూ లేదు, బ్యాటరీ లేదు. మా పిన్ని కొడుకు ఎన్విరోఫిట్ కంపెనీ పొయ్యి మనిషి. బావగారితో ఎప్పుడూ పేచీయే, కానీ నా పొయ్యిని వెక్కిరించాల్సి వస్తే ఇద్దరూ ఒకటైపోతారు. నాది ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. చెబితే మాటలన్నీ మళ్ళీ పేరు మీదకే పోతాయి. నాకు కోపం ఉన్నది ఆ పొయ్యి మీద కూడా కాదు, దాని ఫ్యాన్‌కి కరెంటు అందించే రెండు సన్నటి తీగల మీద.

మాది వైజాగ్ పెదవాల్తేరులో పాత ఇల్లు. వెనక దొడ్డి, కొబ్బరి చెట్లు, గోడ అవతల అపార్ట్‌మెంటు. రోజువారీ వంట గ్యాస్ మీదే. దొడ్లో పొయ్యి ఆదివారం నాటుకోడికి, మొన్నమొన్నటిదాకా చలికాలం స్నానాల నీళ్ళకి, పండగ పిండివంటలకి కూడా. పూటపూటా దాని మీదే వండేవాళ్ళ అనుభవం వేరేగా ఉండొచ్చు.

ముందు గిన్నె అడుగు గురించి చెప్పాలి. పాత పొయ్యి మీద వండాలంటే అమ్మ గిన్నె వెనక మట్టి పూసేది. లేకపోతే మసి తోమలేక చేతులు పడిపోయేవి. ఇది కొన్న వేసవిలో మట్టి పూయకుండానే నీళ్ళ డేగిసా ఎక్కించాం. దించి చూస్తే అడుగున పల్చగా గోధుమరంగు చారలు, అంతే. అమ్మ వేలితో రాసి చూసి, "ఇది కర్ర మీద కాగిన గిన్నేనా?" అంది. ఊదుగొట్టం ఆ రోజే అటకెక్కింది.

ఫ్యాన్ గాలి కొంత కింద నుంచి కర్రకు తగులుతుంది. మిగతాది రెండు గోడల మధ్యగా పైకెక్కి, వేడెక్కి, పొయ్యి నోటి దగ్గర చుట్టూ ఉన్న బెజ్జాల్లోంచి లోపలికి వస్తుంది. మనం పొగ అనుకునేదాంట్లో చాలాభాగం కాలకుండా పోతున్న ఇంధనమే. ఆ బెజ్జాల దగ్గర గాలి తగలగానే అదీ అంటుకుంటుంది. చీకటి పడ్డాక చూస్తే గ్యాస్ బర్నర్ మీద ఉన్నట్టే ఒక్కో బెజ్జానికి ఒక్కో మంట. మొదట్లో చుట్టాలొస్తే దీపాలార్పి మరీ చూపించేవాణ్ణి.

కర్ర సగానికి సగం ఆదా అవుతోందని కూడా అప్పట్లో చెప్పేవాణ్ణి. ఆదా ఉన్న మాట నిజమే, కానీ అడితి నుంచి తెచ్చిన సరుగుడు కర్రని బొటనవేలు లావు, బెత్తెడు పొడవు ముక్కలు కొట్టుకుంటేనే. బావగారి పొయ్యికి పక్కనుంచి మూరెడు పుల్ల పెట్టి, కాలేకొద్దీ లోపలికి తోస్తే సరిపోతుంది. నేను గొడ్డలి పట్టుకుని కూర్చునే టైమ్ ఏ ఆదా లెక్కలోకీ రాదు. పైగా ఫ్యాన్ గాలికి బొగ్గు మిగలదు, బూడిదే. మా అక్క వాళ్ళ పొయ్యిలో మిగిలిన నిప్పులు తీసి మనవరాలి తలకి సాంబ్రాణి వేస్తుంది. మేం సాంబ్రాణికి బొగ్గులు కొనుక్కుంటాం.

తేమ సంగతి వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ కర్ర ఎండినట్టే కనిపిస్తుంది. విరిస్తే టక్కుమనకుండా పీచు సాగిందంటే ఆ పూట ఫ్యాన్ ఎంత స్పీడులో పెట్టినా పొగే, గిన్నె అడుగున గోకినా రాని జిడ్డు మసి. అక్టోబరు, నవంబరు వానల్లో మాకు ఇది మామూలే. డాబా మీద రేకు కింద కర్ర పేర్చి, ముందురోజు ఎండ చూపించాకే వాడుతున్నాం. బాగా ఎండిన కొబ్బరిచిప్పలు మాత్రం అద్భుతంగా మండుతాయి, అయితే ఒకేసారి రెండు వేస్తే మంట గిన్నె అంచు దాటుతుంది.

ఇక అంకెల గొడవ. ఈ పొయ్యిలకు ఐఎస్ 13152 అని భారతీయ ప్రమాణం ఉంది, 2013 నాటిది. దాని ప్రకారం ఫ్యాన్ లేని పొయ్యి సామర్థ్యం (కర్ర వేడిలో గిన్నెకు చేరే వాటా) కనీసం 25 శాతం ఉండాలి, ఫ్యాన్ ఉన్నదానికి 35 శాతం. గిన్నెకు అందే ఒక్కో మెగాజౌల్ వేడికి ధూళి కణాలు ఫ్యాన్ లేనిదాంట్లో 350 మిల్లీగ్రాములు, ఉన్నదాంట్లో 150 మించకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు హద్దు రెండింటికీ 5 గ్రాములే. ఈ 350, 150 పట్టుకుని నేను బావగారి మీదికి వెళ్ళాను. ఆయన తాపీగా తమలపాకుకి సున్నం రాసుకుంటూ, "ఆ నూటయాభై ఫ్యాన్ తిరిగినప్పుడు కదరా. ఆగినప్పుడెంతో రాశారేటి?" అన్నారు.

ఆగినప్పుడెంతో ఆ సంక్రాంతికి తెలిసింది.

భోగి ముందురోజు అరిసెలు మొదలుపెట్టాం. బియ్యం నానబోసి, తడిపిండి ఆడించి, అమ్మ బెల్లం పాకం పట్టి పిండి కలిపేసింది. ఇక అక్కణ్ణుంచి ఆగడానికి ఉండదు, చలిమిడి చల్లారితే బిగుసుకుపోతుంది. దొడ్లో పొయ్యి మీద నూనె మూకుడు. మా ఆవిడ ఒత్తి ఇస్తోంది, నేను వేయించి అరిసెల చెక్కల మధ్య నొక్కుతున్నాను. మొదటి వాయి బ్రహ్మాండంగా వచ్చింది. రెండో వాయి నూనెలో ఉండగా ఫ్యాన్ చప్పుడు ఆగింది. మా మాటల్లో ఎవరికీ తెలియలేదు. బెజ్జాల దగ్గర మంటలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే అప్పుడు చూశాను. మరో నిమిషానికి మూకుడు చుట్టూ చిక్కటి పొగ, పచ్చగా, గొంతులో కారం కొట్టినట్టు.

మామూలు పొయ్యి అయితే కర్ర బయటికి లాగేస్తే గొడవ తీరిపోతుంది. ఇందులో లాగడానికి కర్ర ఎక్కడుంది? నిలువు గొట్టంలో పైనుంచి పోసిన ముక్కలన్నీ ఎర్రగా కాలుతూ ఇంకా పొగ వదులుతూనే ఉన్నాయి, దాన్ని కాల్చే గాలి మాత్రం లేదు. పైన సలసలా కాగే నూనె. స్విచ్ అటూ ఇటూ తిప్పాను. చార్జింగ్ లైటు పచ్చగా వెలుగుతూనే ఉంది. "ఊదుగొట్టం ఏదిరా?" అని అమ్మ కేక. అపార్ట్‌మెంటు రెండో అంతస్తు బాల్కనీలోంచి ఆంటీ, "బాబూ, పండగ బట్టలన్నీ ఆరేశామయ్యా!" అని ఇంకో కేక. మూకుడు జాగ్రత్తగా దించి, నూనె కాస్త నెమ్మదించాక లోపలికి, గ్యాస్ మీదకి మార్చేసరికి చలిమిడి గట్టిపడిపోయింది. అమ్మ నెయ్యి రాసి పిసికి పిసికి దారికి తెచ్చింది గానీ సగం అరిసెలు అంచులు పగిలాయి. కనుమ నాడు బావగారొచ్చి ఒకటి కొరికి, "ఏటి బామ్మర్దీ, పొగరుచి అరిసెలా? కొత్తరకవేటి?" అన్నారు.

అడుగు విప్పి చూస్తే బ్యాటరీ బాగానే ఉంది, ఫ్యానూ బాగానే ఉంది. తీగ ఫ్యాన్‌ని కలిసే చోట పచ్చగా చిలుము. వేలు తగలగానే ఊడి చేతిలోకొచ్చింది. మా వీధిలో ఉప్పుగాలి గేట్లనీ కిటికీ ఊచల్నీ ఏసీల బయటి పెట్టెల్నీ తినేస్తుంది, వెంట్రుకంత రాగితీగ ఒక లెక్కా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే తీగ విడిగా ఇవ్వరట, అడుగుభాగం మొత్తం మార్చుకోవాలట, స్టాకు ఎప్పుడొస్తుందో చెప్పలేరట. జగదాంబ జంక్షన్ దగ్గర మొబైల్ రిపేరు కుర్రాడు పాత తీగ కొంచెం కత్తిరించి, టంకం వేసి, మీద నల్ల స్లీవ్ తొడిగి వేడి చూపించి బిగించాడు. టీ తాగేలోగా అయిపోయింది. అప్పట్నుంచి మళ్ళీ ఆగలేదు. అంత పని ఫ్యాక్టరీలోనే ఎందుకు చెయ్యరన్నదే నా కడుపుమంట. సముద్రం పక్క ఊళ్ళో అమ్ముతున్నప్పుడైనా ఆలోచించొద్దూ?

దీంతో బావగారికి పాత ఆయుధం మళ్ళీ దొరికింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఊళ్ళో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నా దగ్గర ఈ పొయ్యి ఉండుంటే చార్జింగ్‌కి రాజమండ్రి పోవాల్సి వచ్చేదని ఆయన వాదన. కాదనలేను. వేడినే కరెంటుగా మార్చుకుని ఫ్యాన్ తిప్పుకునే బయోలైట్ లాంటివి ఉన్నాయి గానీ నేను వాడలేదు. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) పరిజ్ఞానంతో బీపీ చమురు కంపెనీ తెచ్చిన ఊర్జా పొయ్యి కూడా ఫ్యాన్‌దే. అది ఇళ్ళలో వెనకబడింది ముఖ్యంగా అందులో వేసే పెల్లెట్ల (నొక్కి చేసిన ఇంధనపు గుళికల) ధర పెరగడం వల్ల.

బట్టలు పాడైన ఆంటీ వాళ్ళబ్బాయి గొడవపడలేదు, ఫోన్‌లో గాలి నాణ్యత చూపించాడు. సన్నటి ధూళికి (పీఎం 2.5) మన దేశం పెట్టుకున్న రోజువారీ హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 15. కేంద్రం 2019లో మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన ఊరూ ఉంది. పోర్టు దుమ్ము, లారీలు, ఫ్యాక్టరీలు ఉండగా నా పొయ్యి వాటా ఎంత అని నేనడిగాను. "ఊరి సంగతి కాదంకుల్, మా బాల్కనీలో వాటా ఎంత?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చుట్టూ కొండలున్న ఊరు, చలికాలం తెల్లవారుజామున పొగ పైకి లేవదు, మేం నీళ్ళు కాచేది సరిగ్గా అప్పుడే. ఇప్పుడు స్నానాలకి గీజరు, పొయ్యి వెలిగించేది బాగా ఎండెక్కాకే.

కాబట్టి కొనొచ్చా అంటే, మీకు దొడ్డి ఉండి, కర్ర ఎండబెట్టే డాబా ఉండి, ముక్కలు కొట్టే ఓపిక ఉంటే కొనండి, గిన్నెలు తోమేవాళ్ళు సంతోషిస్తారు. ఫ్లాట్‌లో అయితే ఏ కంపెనీదీ వద్దు. ఆ విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, పొగ కనపడలేదని గదిలో పెట్టుకోకూడదు. అరకు వైపు ఉండి, కరెంటు మీద నమ్మకం లేకపోతే నేనూ ఫ్యాన్ లేనిదే తీసుకునేవాణ్ణేమో. మా ఇంట్లో నాటుకోడి దీని మీదే, అరిసెలు మాత్రం గ్యాస్ మీద. బ్యాటరీ మొదట్లో ఆగినంతసేపు ఆగట్లేదు, మా వాడకానికి చాలుతోంది, రోజూ వండేవాళ్ళకి చాలకపోవచ్చు. కొనేముందు బ్యాటరీ, ఫ్యాన్ తీగ విడిగా ఇస్తారా అని షాపులో అడిగి, ఇస్తామంటే బిల్లు మీద రాయించుకోండి.