సాకు మేలా, సూటి మాట మేలా?

హనుమకొండలో సొంతిల్లు, దానికి తోడు ప్రభుత్వ టీచరు ఉద్యోగం. ఈ రెండూ ఉన్న మనిషికి చుట్టాల కరువు ఉండదు. ఎంజీఎం ఆస్పత్రిలో చూపించుకోవాలన్నా, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మేసరికి పొద్దుపోయినా, మేడారం వెళ్తూ ఒక రాత్రి నడుము వాల్చాలన్నా అందరి దారీ మా ఇంటి మీదుగానే. ప్రహరీకి అవతల పొరుగువారు సరేసరి.

అడిగినదానికి కాదనవలసి వస్తే మా ఆయన మార్గం సాకు. నాది ముఖం మీదే చెప్పడం. ఇరవై ఏళ్లుగా ఇంట్లో రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి కాబట్టి ఏది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ బోర్లాపడిందో లెక్క చెప్పగలను.

సాకులో సుఖం ఆ పూటకే. "ఈ నెల చేయి ఆడటం లేదు బావా" అన్నారనుకోండి, బావ చెవికి అది వచ్చే నెల రమ్మన్నట్టే వినబడుతుంది. పైగా సాకును ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి ఆయన ఇంటికి రంగులు వేయిస్తున్నామన్నారు, నేను అమ్మాయికి పరీక్షలన్నాను. ఆ రెండు మాటలూ ఒక పెళ్లి పంక్తిలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ తర్వాత మేము నిజం చెప్పినా నమ్మినవాళ్లు లేరు.

అలాగని సూటి మాట ఊరికే వస్తుందా? రాదు. నాకు అది జామీను దెబ్బతో వచ్చింది. మా చిన్నమ్మ కొడుకు ఐదు లక్షల చిట్టీ వేశాడు, నెలకు పదివేలు, యాభై నెలలు. పదకొండో నెలలో పాట పాడి ఎత్తుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే నెల జీతం వచ్చే ఉద్యోగుల జామీను కావాలి. "అక్కా, ఒక్క సంతకమే కదా" అన్నాడు. పందొమ్మిది వాయిదాలు కట్టి ఆగిపోయాడు. మిగిలిన ముప్పై ఒకటీ కలిపి మూడు లక్షల పదివేలకు నోటీసు మా హెడ్మాస్టర్ బల్ల మీదికి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు చట్టం. 1872 నాటి ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు రాసుకుంటే తప్ప, అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే. ముందు అతని వెంటపడి, రాబట్టలేకపోతేనే నా దగ్గరికి రావాలన్న నియమమేమీ లేదు.

అందుకే జామీను విషయంలో నా తీర్పులో మెత్తదనం ఉండదు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు అన్న సామెత దీని కోసమే పుట్టిందనుకుంటాను. అయితే చెప్పే తీరు ఒకటుంది. "నీకు పెట్టను" అంటే తగువు. "సంతకం ఎవరికీ పెట్టకూడదని మేమిద్దరం అనుకున్నాం, మా అన్నయ్యకు కూడా పెట్టలేదు" అంటే కోపం వస్తుంది గానీ అవమానం ఉండదు. ఆ తర్వాత అడిగిన మరో తమ్ముడు ఏడాదిన్నర మా గడప తొక్కలేదు. అమ్మాయి ఓణీల వేడుకకూ రాలేదు. ఆ లోటు లోటే, లేదనను.

చేబదులుకు మూడో దారి మంచిది: అడిగినది కాకుండా, తిరిగి రాకపోయినా ఏడవనంత ఇచ్చేయడం. యాభై వేలు అడిగితే ఐదు వేలు చేతిలో పెట్టి, "ఇది అప్పు కాదు, ఉంచుకో" అంటాను. మా ఆయన మాత్రం ప్రామిసరీ నోటు రాయించుకుంటే సరిపోతుంది కదా అంటారు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి ఇరవై నాలుగు వేలు. చుట్టాన్ని అంత వడ్డీ అడిగే నోరు మాకుందా? అడగగానే తీర్చాలని రాసిన నోటు మీద దావాకు గడువు మూడేళ్లు. ఈలోగా ఎంతో కొంత కట్టించుకుని వెనుక రాయించాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. పండక్కి వచ్చిన మరిదిని భోజనం వడ్డిస్తూ నోటు తిరగరాయమని అడగలేక ఒక నోటుకు గడువు దాటబెట్టుకున్న ఘనత మాదే.

ఆస్పత్రి పని మీద వచ్చేవారిని ఈ లెక్కలో కలపను. వారికి మొదటి రాత్రి అన్నం, పడక ఏ ప్రశ్నా లేకుండా. కానీ "ఎప్పుడు వెళ్తారు?" అని నాలుగో రోజు అడగడం కన్నా, కాళ్లకు నీళ్లిచ్చేటప్పుడే "ఆదివారం దాకా ఉండండి, సోమవారం మాకు ప్రయాణం ఉంది" అనడం నయం. ప్రయాణం నిజంగా ఉండాలి సుమా, లేకపోతే మళ్లీ సాకే. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన మేడారం జాతరకు వారం ముందే ఫోను చేసి ఎనిమిది మందికే చోటుందన్నాను. పదకొండు మంది వచ్చారు. చెప్పకపోయి ఉంటే ఇరవై మంది వచ్చేవారని మా ఆయన ఓదార్చారు.

ఇక పొరుగు. ఇక్కడ నా సూటి మాట చిత్తుగా ఓడింది. ఎదురింటి వదిన నేరుగా వంటింట్లోకి వచ్చి గిన్నెల మీద మూతలు ఎత్తి చూసేది. "పిలిచి రండి వదినా" అన్నాను ఒకరోజు. నాలుగు నెలలు మాటల్లేవు. చుట్టం అలిగితే అతని ఊళ్లో ఉంటాడు, పొరుగు అలిగితే పొద్దున ముగ్గు వేసేటప్పుడు ఎదురుగా ఉంటుంది. కాలనీ పెద్దమనిషితో చెప్పిద్దామా అనుకున్నాం గానీ, గిన్నె మూత గొడవను పంచాయితీకి ఎక్కిస్తే నవ్వులపాలయ్యేది మేమే. ఆ పెద్దమనిషిని, గేటుకు అడ్డంగా పెట్టే బండ్ల విషయానికి దాచుకోవాలి.

వినాయక చవితి మైకు మాత్రం ముందే మాట్లాడుకోవలసిన సంగతి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ప్రభుత్వం ఏడాదిలో కొన్ని రోజులకు అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. అర్ధరాత్రి పోలీసులకు ఫోను చేసి శత్రువులం కావడం కన్నా, కుర్రాళ్లు చందా పుస్తకంతో వచ్చినప్పుడే డబ్బు చేతిలో పెట్టి పదింటి మాట తీసుకోవడం తేలిక. రెండేళ్లుగా పదిన్నరకు ఆపుతున్నారు. ఆ అరగంట చందాలో పోయిందనుకున్నాం.

వదిన విషయంలో చివరికి గెలిచింది సూటి మాటా కాదు, సాకూ కాదు. కోతులు వస్తున్నాయని వరండాకు గ్రిల్ పెట్టించి, లోపలి వైపు గడియ వేశాం. కోతులు నిజంగానే వచ్చేవి. ఇప్పుడు వదిన సర్వపిండి పట్టుకొచ్చి, "గడియ తీయవమ్మా" అని పిలుస్తుంది. వేతన సవరణలో (పీఆర్సీ) జీతం ఎంత పెరిగిందో మాత్రం నేను గడియ తీసేలోపే, గ్రిల్ అవతల నుంచే అడిగేస్తుంది.