ఎడగారు (వానల్లో కోతకొచ్చే రెండో పంట) వడ్లకు కళ్లమా, డ్రయ్యరా? ఏది మేలు?

కోత మిషన్ నుంచి దిగే వడ్లలో తేమ 22 శాతం దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 దాటితే ఒప్పుకోరు, నిల్వకైతే 14కి దించాలి. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. 22 నుంచి 14కి వచ్చేసరికి అందులో 79 కిలోల నీళ్లు పోయి 771 కిలోలే మిగులుతాయి. కాటా మీద అనుమానపడే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

గింజ పైతడి ఇట్టే ఆరిపోతుంది. లోపలి తడి పైకి రావడానికే పొద్దుపడుతుంది. తొందరపడి వేడి పెంచితే పైపొర ఎండి బిగుస్తుంది, లోపల ఉబ్బుగానే ఉంటుంది, గింజ చిట్లుతుంది. పది గింజలు గోటితో ఒలిచి వెలుతురుకు పట్టి చూడండి. అడ్డంగా సన్నటి గీత కనబడితే అది మిల్లులో నూక అయ్యేదే.

మార్చి, ఏప్రిల్ కోతకు కళ్లం చాలు. వడ్లు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందానే పరిచి, అరగంటకోసారి కాళ్లతో సాళ్లు తీయాలి. మిట్టమధ్యాహ్నం గింజ వేడి 50 డిగ్రీలు దాటేట్టుంటే కుప్ప చేసి పట్ట కప్పాలి. సాయంత్రం కూడా అంతే. ఆరిన గింజ మీద మంచు పడితే నీళ్లు పీల్చుకుని మళ్లీ చిట్లుతుంది. తారురోడ్డు మీద కూలి కలిసొస్తుందేమో గానీ, రాళ్లూ బళ్లూ ఎటూ తప్పవు.

ఎడగారు సంగతి వేరు. కోతల నాటికి ముసురు. 30 డిగ్రీల గాలిలో తేమ 90 శాతముంటే, ఎంతసేపు పరిచినా వడ్లు 17, 18 దగ్గరే ఆగిపోతాయి. అదే గాలిని 40 డిగ్రీలకు వేడి చేస్తే దాని తేమ దాదాపు 52 శాతానికి పడిపోతుంది. డ్రయ్యర్ చేసే పనంతా ఇదే.

చిన్న రైతుకు, ముఖ్యంగా విత్తనానికి, చిల్లుల రేకు పరిచిన తొట్టి డ్రయ్యర్ మేలు. ఊక పొయ్యి, ఒక బ్లోయర్ ఉంటే చాలు. విత్తనానికి గాలి వేడి 43 డిగ్రీలు దాటనీయొద్దు, మొలక పోతుంది. పొయ్యి పొగ నేరుగా వడ్లకు తగిలితే బియ్యానికి వాసన పడుతుంది. దీనికున్న లోపం ఒకటే: అడుగున 12 శాతానికి ఎండేసరికి పైన ఇంకా 16 ఉంటుంది. సగం ఆరాక బ్లోయర్ ఆపి, పారతో కిందామీదా చేయాలి. ఈ పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

పది టన్నుల సరుకుంటే తిరుగుడు డ్రయ్యర్‌దే పైచేయి. ఎలివేటర్ వడ్లను పైకెత్తుతుంది, కాసేపు వేడిగాలి తగులుతుంది, ఆపైన తొట్టిలో విశ్రాంతి. ఆ విశ్రాంతిలోనే లోపలి తడి పైకి సర్దుకుంటుంది, అందుకే చిట్లుడు తక్కువ. కానీ తాలూ గడ్డీ ముందే తీయకపోతే లోపల అడ్డం పడతాయి. సగం లోడు వేస్తే గాలి ఖాళీ జాగాలోంచే పోతుంది.

ఏ డ్రయ్యరైనా వంతు వచ్చేదాకా పచ్చి వడ్లను రాత్రంతా కుప్పగా ఉంచొద్దు, కాగి పసుపెక్కుతాయి. వేడి చేయని గాలైనా కొట్టించండి. తేమ మీటరును వేడి గింజ మీద నమ్మొద్దు. గుప్పెడు వడ్లు చల్లార్చి చూసి, 14.5 దగ్గర పొయ్యి ఆర్పేసి, వట్టి గాలి తోలితే మిగతా అర శాతం దానంతటదే దిగుతుంది.