ఏడాదికి 318 డాలర్లు: బండి ఒకసారి తిరగబడ్డాక నా ఏటీవీ ఇన్సూరెన్స్ గురించి

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి గంట దూరంలో, గ్రీన్‌విల్ దాటాక మాకు ఎనిమిదెకరాల పొలం ఉంది. ఆరెకరాలు కౌంటీ రోడ్డుకి ఇటు, రెండెకరాలు అటు. నేల అచ్చం మా పల్నాడు నల్లరేగడే. వానపడితే కాలు పైకొస్తుంది, చెప్పు లోపలే ఉండిపోతుంది. కారు దిగబడితే ట్రాక్టరు రావాల్సిందే. అందుకే 2023లో హోండా రాంచర్ 420 అనే ఏటీవీ, అంటే మట్టిలో తిప్పుకునే నాలుగు చక్రాల బండి, ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 2019 మోడల్, 4,900 డాలర్లు. వెడల్పాటి మెత్తని టైర్లు, గాలి నాలుగైదు పీఎస్‌ఐకి మించదు కాబట్టి బురద మీద తేలినట్టు పోతుంది. తేనెపెట్టెల దగ్గరికి వెళ్లడానికి, దానిమ్మ, అంజూర మొక్కలకు నీళ్లు మోయడానికి అంతకంటే పనికొచ్చే బండి లేదు.

ఇక్కడ పొలం కొన్న మనవాళ్లు చాలామంది ఇలాంటి బండి కొంటున్నారు. ఇన్సూరెన్స్ మాటెత్తితే మాత్రం "సొంత పొలంలో తిప్పుకునేదానికి ఎందుకండీ, చట్టం అడగదు కదా" అంటారు. నిజమే, టెక్సస్‌లో సొంత నేల మీద తిప్పుకుంటే చట్టం అడగదు. అప్పు మీద కొంటే బ్యాంకు అడుగుతుంది, అంతే. నేనూ అలాగే అనుకున్నాను. పైగా మా ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే, అటువైపు మాట్లాడినాయన "మీ ఇంటి పాలసీలోనే కవరవుతుంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు నిశ్చింతగా ఉన్నాను.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక పాలసీ ముందేసుకుని కూర్చున్నాను. ఇంటి పాలసీ ఏటీవీకి లయబిలిటీ ఇస్తుంది, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం భరిస్తుంది. కానీ బండి "ఇన్సూర్ అయిన స్థలం" మీద ఉన్నప్పుడే. ఆ స్థలం అంటే ఏమిటో వెనక్కి పేజీలు తిప్పి చూస్తే మన ఇల్లు, దాని ఆవరణ, ఇంకా "వ్యవసాయ భూమి కాని" ఖాళీ స్థలం అని ఉంది. ఆ మూడు మాటల దగ్గర ఆగిపోయాను. టెక్సస్‌లో ఐదు నుంచి ఇరవై ఎకరాల లోపు భూమిలో తేనెటీగలు పెంచినా వ్యవసాయ లెక్కన పన్ను తగ్గుతుంది. ఆ తగ్గింపు కోసమే మేం ఆరు తేనెపెట్టెలు పెట్టుకున్నాం. కౌంటీ కాగితాల్లో వ్యవసాయ భూమి అని మేమే రాయించుకున్నదాన్ని, రేపు ప్రమాదం జరిగాక కాదని ఎలా అంటాం? ఇక బండికి జరిగే నష్టం సంగతి చూస్తే, ఇంటి పనికి మాత్రమే వాడే గడ్డి కోసే యంత్రం లాంటివాటికే కవరేజీ. ఏటీవీకి పైసా రాదు. రోడ్డు దాటి అటు రెండెకరాలకు వెళ్తున్నప్పుడు ఎవరి కారుకైనా తగిలితే పరిస్థితి తల్చుకుంటే ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడే మూడు కంపెనీల్లో విడిగా ఏటీవీ పాలసీ ధర అడిగాను. ఒక కంపెనీలో లయబిలిటీ ఒక్కటే అయితే ఏడాదికి 104 డాలర్లు, 500 డిడక్టిబుల్‌తో (అంటే నష్టంలో మొదటి 500 మనమే భరించాలి) పూర్తి కవరేజీ 318, డిడక్టిబుల్ 250కి దించితే 376. ఆ తేడా 58 డాలర్లు ఏటేటా కట్టాలంటే, నాలుగేళ్లకోసారైనా బండి పడితేనే గిట్టుబాటు. అందుకని 500 పెట్టుకున్నాను. ఇంకో కంపెనీ ఇదే కవరేజీకి 540 చెప్పింది. నాకు అంతకుముందు ఏడాది స్పీడింగ్ టికెట్ ఒకటి పడింది, కారు నడిపిన తీరు ఏటీవీ ధరలోనూ లెక్కకొస్తుంది. చివరికి మా కార్లకు ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీలోనే తీసుకున్నాను, రెండూ ఒకేచోట ఉన్నందుకు కొంత తగ్గింది. ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల శిక్షణ చేసి సర్టిఫికెట్ పంపితే ఇంకో 15 డాలర్లు తగ్గించారు. పైన చెప్పిన 318 ఈ తగ్గింపులన్నీ పోనే. డబ్బు సంగతి పక్కనపెట్టినా ఆ శిక్షణ అందరూ చేయాలి. వాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు ఒళ్లు ఎత్తువైపుకి వంచాలన్న సంగతి నాకు అక్కడే తెలిసింది.

మా బామ్మర్దికి ఆ సంగతి తెలియదు. ఆస్టిన్‌లో ఉంటాడు, మార్చిలో వచ్చాడు. "బావా, ఒక్క రౌండు. ఆ చివరి మొక్కలకి నేను పోసొస్తా" అన్నాడు. హెల్మెట్ పెట్టి పంపాను. వెనక రాక్ మీద 15 గాలన్ల స్ప్రే ట్యాంకు, సగం నిండి ఉంది. ఒక విషయం నాకప్పుడు తట్టలేదు. సగం నిండిన ట్యాంకు వాలు మీద ప్రమాదం, నీళ్లన్నీ ఒక్కసారిగా పల్లం వైపు కొట్టుకొస్తాయి. వాగు గట్టు మీద బండి మెల్లగా, చాలా మెల్లగా ఎడమకి ఒరిగింది. వాడు పక్కకి దూకాడు, బండి ఒక పల్టీ కొట్టి ఆగింది. పరిగెత్తుకెళ్లేసరికి చక్రాలు పైకి ఉన్నాయి, ముందు చక్రం ఇంకా తిరుగుతోంది, ట్యాంకు మూత దగ్గర పగిలి నీళ్లు, దాని పక్కనే పెట్రోలు చుక్కలు చుక్కలుగా నల్లమట్టిలోకి ఇంకుతున్నాయి. వాడు మణికట్టు పట్టుకుని "నాకేం కాలేదు బావా, ముందు బండి చూడు" అంటున్నాడు. నాకు చేతులు వణికాయి. ఏటీవీ ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో చాలామంది బండి తిరగబడి పోయినవాళ్లే.

ఇక క్లెయిమ్ సంగతి. ఇది రాయడానికి అసలు కారణం అదే. బండి దేన్నీ గుద్దకపోయినా, తిరగబడటం కూడా కొలిజన్ కవరేజీ (గుద్దుకుంటే మన బండికి జరిగే నష్టానికి ఇచ్చేది) కిందికే వస్తుంది. డబ్బు మిగులుద్దామని కొలిజన్ తీసేసి దొంగతనానికి, వడగళ్లకి మాత్రమే కవరేజీ ఉంచుకునే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. క్లెయిమ్ చూసినామె మర్యాదగానే మాట్లాడింది. నాలుగు ప్రశ్నలు సూటిగా అడిగింది. బండి మీద ఎంతమంది ఉన్నారు, ఎక్కడ జరిగింది, అద్దెకిచ్చారా లేక పందేనికి వాడారా, నడిపినవాడు మీ ఇంట్లోనే ఉంటాడా. ఆఖరిదాని దగ్గర చాలామంది చిక్కుకుంటారట. ఒకే ఇంట్లో ఉంటూ పాలసీలో పేరు లేనివాళ్లు నడిపితే గొడవ. వాడి లైసెన్సు మీద ఆస్టిన్ అడ్రస్ ఉంది కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు. తేనెపెట్టెల సంగతి కూడా పాలసీ తీసుకునేటప్పుడే చెప్పాను, తేనె అమ్మడం లేదని, స్నేహితులకు పంచుతామని రాయించాను. వ్యాపారానికి వాడే బండి అయితే ఆ పాలసీ పనికిరాదు.

హ్యాండిల్ బార్, ముందు రాక్, ఎడమ ఫెండర్, హెడ్‌లైట్, టై రాడ్ కలిపి 2,260 డాలర్లు తేలింది. డిడక్టిబుల్ పోను 1,760 వచ్చింది. బామ్మర్ది అర్జెంట్ కేర్ బిల్లు 310, మెడికల్ పేమెంట్స్ కింద మొత్తం కట్టేశారు. ఎముకలో చిన్న చీలిక, మూడు వారాల్లో సర్దుకుంది.

నచ్చనివి రెండున్నాయి. ముందు వాళ్లు పంపిన షాపు కార్లు బాగుచేసేది. ట్రెయిలర్ మీద ఎక్కించుకుని నలభై మైళ్లు వెళ్లాక "మేం ఏటీవీలు ముట్టుకోం" అన్నారు. ఒక శనివారం మొత్తం అలా పోయింది, పది రోజులు ఆలస్యమైంది. రెండోది ట్యాంకు. పాలసీలో యాక్సెసరీలకు 3,000 డాలర్ల దాకా ఉంది, కానీ ఇచ్చేది కొత్తదాని ధర కాదు, వాడిన వస్తువుగా ఈరోజు దాని విలువ. నేను 240 పెట్టి కొన్న ట్యాంకుకి 140 ఇచ్చారు. రసీదు దొరకలేదని అది కూడా రెండు వారాలు నానబెట్టారు. ఈ మాట పాలసీ అమ్మేటప్పుడే చెప్పాల్సింది. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

అయినా ఐదుకి నాలుగు ఇస్తాను. 318 కట్టిన ఏడాదే రెండు వేల రెండు వందల పైన వెనక్కి వచ్చింది, అంతకుమించి కౌంటీ రోడ్డు దాటేటప్పుడు గుండె దడ లేదు. మీరు తీసుకునేటప్పుడు ధర కంటే ముందు మూడు సంగతులు కాగితం మీద తేల్చుకోండి: బండి ఎక్కడ తిరుగుతుంది, ఎవరు నడుపుతారు, దేనికి వాడతారు. మీ జవాబులు పాలసీలో రాసినదానితో కలవకపోతే వంద డాలర్ల పాలసీ అయినా ఐదు వందలది అయినా ఒకటే.

ఈ ఏడాది రెన్యువల్‌కి 389 అడిగారు. క్లెయిమ్ వల్లేనని ఒప్పుకున్నారు. ఇంకో రెండుచోట్ల కనుక్కుని, అంతకంటే తక్కువ రాక కట్టేశాను. కొత్త ట్యాంకు పదిగాలన్లది కొన్నాను, వాలు వైపు మొక్కలకు ఇప్పుడు గొట్టం వేశాం. రసీదు పాలసీ కాగితాలతో పాటు ఒకే కవర్లో పెట్టాను.