పీఎం సూర్యఘర్ సోలారు: నెల్లూరు, ఒంగోలు మిద్దెల మీద లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది

ఇంటి మిద్దె మీద సోలారు పెట్టుకుంటే కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. 2024 ఫిబ్రవరి 13న మొదలైన ఈ పథకం గురించి నెల్లూరులో అడిగినా ఒంగోలులో అడిగినా రెండే మాటలు వినబడతాయి. ఒకరు ‘బిల్లు సున్నా’ అంటారు, ఇంకొకరు ‘అంతా మోసం’ అంటారు. రెండూ నిజం కాదు. పథకం మంచిదే. సబ్సిడీ నిజంగానే ఖాతాలో పడుతుంది. ప్యానళ్లూ బాగానే పనిచేస్తాయి. తేడా కొట్టేదల్లా రెండు చోట్ల: ఎన్ని కిలోవాట్లు పెట్టాలన్నది ప్యానళ్లు అమ్మి బిగించే వెండరుకే వదిలేసినప్పుడు, ఫ్రేము ఎలా బిగించారో మిద్దె ఎక్కి చూడనప్పుడు.

ముందు సైజు సంగతి. కేంద్రం ఇచ్చేది మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు రూ.30,000, మూడో కిలోవాటుకు రూ.18,000. అంతకు మించి ఎంత పెట్టినా రూ.78,000 దగ్గర ఆగిపోతుంది. అందుకే వెండర్లందరూ 3 కిలోవాట్లే అంటారు. వాళ్లకు అదే గిట్టుబాటు. మీకు గిట్టుతుందా లేదా అన్నది మీ బిల్లు చెప్పాలి. మన ఇళ్ల కరెంటు స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా రూ.4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, ట్రూఅప్ (పాత ఖర్చుల సర్దుబాటు) వగైరాలు వీటికి అదనం.

నెలకు 300 యూనిట్లు కాలే ఇంటిని తీసుకోండి. కేవలం యూనిట్ల కిందే బిల్లు రూ.1,673. మన ఎండకు కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లని వేసుకుంటే 2 కిలోవాట్లు నెలకు 240 ఇస్తాయి. మిగిలిన 60 యూనిట్లకు పడేది రూ.147. అంటే రెండు కిలోవాట్లే రూ.1,526 మిగిల్చాయి. మూడోది పెడితే ఆ 147 కూడా పోయి, 60 యూనిట్లు డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, మిగులు వెళ్తాయి. మిగులుకు వాళ్లిచ్చే రేటు మీరు కట్టే పై స్లాబు రేటుకు దరిదాపుల్లో కూడా ఉండదు. సోలారు ముందు కోసేది పై స్లాబునే కాబట్టి మొదటి కిలోవాట్లకు ఉన్న విలువ చివరి దానికి ఉండదు. సబ్సిడీ కూడా సరిగ్గా అక్కడే తగ్గుతుంది.

2 కిలోవాట్లకు కొటేషను 1,40,000 అనుకుంటే సబ్సిడీ పోను 80,000. నెలకు 1,526 చొప్పున నాలుగున్నరేళ్ల లోపే తిరిగొస్తుంది. 3 కిలోవాట్లకు రెండు లక్షలైతే చేతి నుంచి పడేది 1,22,000, అది రావడానికి ఆరేళ్లు. మూడో కిలోవాటు కోసం అదనంగా పెట్టిన ఆ 42,000 ఒక్కటే చూస్తే, మిగులు సొమ్ము కలుపుకున్నా రెండింతలకు పైగా కాలం పడుతుంది. అదే 400 యూనిట్లు వాడే ఇల్లైతే కథ మారుతుంది. అక్కడ మూడో కిలోవాటు నెలకు రూ.540 మిగులుస్తుంది, పెట్టుకోవచ్చు. 125 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొత్తం యూనిట్ల బిల్లే రూ.417, అలాంటి ఇంటికి 3 కిలోవాట్లు అంటగట్టే వెండరుకు దండం పెట్టి పంపించేయండి. ఒక్క మే నెల బిల్లు చూసి సైజు తేల్చకండి. పన్నెండు నెలలవీ ముందేసుకుని సగటు కట్టండి.

రాష్ట్రం ఇచ్చేదీ లెక్కలో వేసుకోవాలి. బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్లకు మరో రూ.20,000 వస్తుంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం ఉంది. మీరు ఆ కోవలోకి వస్తే ప్రైవేటు వెండరుకు అడ్వాన్సు ఇవ్వకముందే కరెంటు సెక్షన్ ఆఫీసులో కనుక్కోండి.

కొటేషనులో పన్ను వరస చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలారు సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. సామాను 70 పాళ్లు, బిగింపు 30 పాళ్లుగా లెక్కేస్తారు కనుక మొత్తం మీద పడాల్సింది 8.9 శాతం. పాత 13.8 వేసి ఉంటే ఆ కాగితం తిప్పి ఇచ్చేయండి. ‘సబ్సిడీ పోను ఇంత’ అని రాసిచ్చే కాగితమూ పనికిరాదు. సబ్సిడీ వచ్చేది మీ ఖాతాలోకి. వెండరుకు పూర్తి ధర కట్టాలి, లేదా పూచీకత్తు లేకుండా 2 లక్షల దాకా ఇచ్చే బ్యాంకు లోను పెట్టుకోవాలి.

దరఖాస్తు పని అంతా నేషనల్ పోర్టల్లోనే, రిజిస్ట్రేషనుకు పైసా అక్కర్లేదు. రాష్ట్రం, డిస్కం, 13 అంకెల సర్వీసు నంబరు కొట్టాలి. డిస్కం దగ్గరే చాలామంది ఆగిపోతారు. నెల్లూరు వాళ్లది ఎస్పీడీసీఎల్, ఒంగోలు వాళ్లది సీపీడీసీఎల్. ఒకటి ఎంచుకోబోయి ఇంకొకటి ఎంచుకుంటే సర్వీసు నంబరు దొరకదు. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వచ్చినట్టు లెక్క. 2024 నిబంధనల్లో ఆ మార్పు చేశారు. ఆ తర్వాత పోర్టల్లో నమోదైన వెండరును ఎంచుకోవాలి. బిగింపు, నెట్ మీటరు (తీసుకున్న కరెంటూ, ఇచ్చిన కరెంటూ రెండూ లెక్కేసేది) దరఖాస్తు, తనిఖీ అయ్యాక కమిషనింగ్ సర్టిఫికెట్ వస్తుంది, ఆపైన బ్యాంకు వివరాలు ఎక్కించాలి. బిగింపు పూర్తయిందని తెలిపిన 15 రోజుల్లో డిస్కం కనెక్షను ఇవ్వాలన్నది నిబంధన. 5 కిలోవాట్ల దాకా లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చూ డిస్కందే. ‘ట్రాన్స్‌ఫార్మరు చార్జీలు’ అని ఎవరైనా అడిగితే రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఫైలు ఆగేది ఎక్కువగా పేరు దగ్గర. మీటరు ఇంకా తాతగారి పేరునే ఉంటుంది, దరఖాస్తు మనవడి పేరున పడుతుంది. ముందు సర్వీసు పేరు మార్పించుకుని ఆ తర్వాతే పోర్టల్లోకి వెళ్లండి. రెండో చిక్కు ప్యానళ్లు. సబ్సిడీ కావాలంటే డీసీఆర్ ప్యానళ్లే ఉండాలి, అంటే లోపలి సెల్లూ పైన ప్యానలూ రెండూ ఇక్కడ తయారైనవే. మామూలు ప్యానల్ చౌక. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. లారీ దిగగానే ప్రతి ప్యానల్ వెనక సీరియల్ నంబరు ఫొటో తీసుకుని ఇన్వాయిసుతో పోల్చండి. బిగించేశాక చూద్దామంటే వెనక చెయ్యి పట్టదు.

ఇప్పుడు ఈ రెండు జిల్లాల వాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన విషయం ఫ్రేము. భవనాల మీద గాలి భారానికి ఉన్న ఐఎస్ 875 ప్రమాణంలో నెల్లూరుకు వేసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. ఒక్కో 540 వాట్ల ప్యానల్ రెండున్నర చదరపు మీటర్ల పైన ఉంటుంది. అలాంటివి ఆరు వరసగా ఏటవాలుగా నిలబెడితే తుపానులో అది ఎత్తిన తెరచాపే. పైగా మనవాళ్లకు ఫ్రేము కింద వడియాలు ఎండాలి, మిరపకాయలు ఆరాలి, మనిషి నిలబడి నడవాలి. అందుకని ఎనిమిది అడుగుల ఎత్తు అడుగుతారు. పెట్టుకోండి, తప్పులేదు. కాకపోతే కాళ్లకు అడ్డబద్దలు ఉండాలి. ప్రతి కాలి కింద బేస్‌ప్లేటు, నాలుగు యాంకరు బోల్టులు ఉండాలి, ఆ యాంకర్లు శ్లాబు కాంక్రీటులోకి దిగాలి. శ్లాబు మీద వేసిన సున్నం గచ్చులోనో వెదరింగ్ కోర్సులోనో ఆగిపోయిన యాంకరు చేత్తో లాగినా వస్తుంది. కెమికల్ యాంకరైతే మేలు. రంధ్రం వేశాక దుమ్ము ఊదకుండా మందు పోస్తే అదీ పట్టదు.

మైపాడు, కృష్ణపట్నం, రామాయపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. పైపు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచిన పూత) చేసినది, పూత 80 మైక్రాన్లు ఉండాలి. అసలు తుప్పు పట్టేది పైపు దగ్గర కాదు, కోసిన చోట. సైటులో కట్టరుతో కోసి, వెల్డింగు పెట్టి, పైన సిల్వర్ పెయింటు కొట్టి దిగిపోతారు. ఒక్క వానాకాలం తర్వాత చూస్తే ఆ అతుకుల నుంచే గోధుమ రంగు చారలు కిందికి దిగి ఉంటాయి. వెల్డింగు లేకుండా నట్టు బోల్టుతో బిగించే ఫ్రేము అడగండి. బోల్టులు ఎస్‌ఎస్ 304 స్టెయిన్‌లెస్ స్టీలువి, క్లాంపులు అనోడైజ్డ్ అల్యూమినియంవి కావాలి. ప్యానల్ డేటాషీటులో ఉప్పు తేమ పరీక్ష ఐఈసీ 61701 ఉందో లేదో చూడండి.

ఎర్తింగు గుంతలు మూడు వేరువేరుగా ఉండాలి: పిడుగు వాహకానికి ఒకటి, డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి. ఒక్క గుంత తవ్వి మూడు తీగలూ దానికే కలిపితే పిడుగు పడినప్పుడు, ప్యానళ్ల డీసీ కరెంటును ఇంటి ఏసీగా మార్చే ఇన్వర్టరులోకి దారి మనమే వేసినట్టు. ఇసక నేలలో ఎర్తు నిరోధం రీడింగు 5 ఓముల లోపు రావడం కష్టం. కెమికల్ ఎలక్ట్రోడు పెట్టించి, మీటరు పెట్టి చూపించమనండి.

కరెంటు పోతే సోలారూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా ఇన్వర్టరు తనకు తానే ఆగాలి, అది లోపం కాదు. కోతల్లో ఫ్యాను తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. బ్యాటరీకి ఈ పథకంలో సబ్సిడీ లేదు. అసలు లోపం వేరే ఉంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద నాలుగైదు ఇళ్లు సోలారు పెట్టిన వీధిలో మధ్యాహ్నం వోల్టేజీ పెరుగుతుంది. 230కి పది శాతం పైన, అంటే 253 దాటగానే ఇన్వర్టరు ట్రిప్పవుతుంది. సరిగ్గా బాగా పండే వేళకే పంట పోతుంది. యాప్‌లో గ్రాఫు మధ్యాహ్నం పళ్లు పళ్లుగా కనిపిస్తే అదే. ఇన్వర్టరు నుంచి మీటరు దాకా వైరు సన్నగా ఉన్నా ఇదే జరుగుతుంది. ముందు ఆ వైరు లావు చేయించండి. అప్పటికీ తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మరు ట్యాప్ (వోల్టేజీ తగ్గించే మెట్టు) మార్చమని డిస్కం ఏఈకి అర్జీ పెట్టాలి.

రోహిణి కార్తెలో ఎండ మండితే కరెంటు పొంగిపోతుందని అనుకోవద్దు. ప్యానల్ 65 డిగ్రీలకు కాగితే, 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం దాకా పడిపోతుంది. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు, నవంబరుల్లో మబ్బుకు ఇంకా తగ్గుతుంది. కడగడం పదిహేను రోజులకోసారి, పొద్దున్నే, ప్యానల్ చల్లగా ఉన్నప్పుడు. చీమకుర్తి చుట్టుపక్కల రాతిపొడికి, రైసుమిల్లుల దగ్గర ఊక బూడిదకు అంతకంటే తొందరగానే కడగాలి. ఉప్పు బోరు నీళ్లు మాత్రం వద్దు. ఆరాక తెల్లటి పొర కట్టి అదే నీడ అవుతుంది. వాటర్ ట్యాంకు నీడ పడే చోట ఒక్క ప్యానలైనా పెట్టకండి, వరసంతా కుంటుతుంది. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత వెండరుదే. పథకం షరతుల్లోనే ఉంది కాబట్టి ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) పేరుతో వేరే డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

దేశం మొత్తానికి 75,021 కోట్లతో కోటి ఇళ్లకు పెట్టాలన్న ఈ పథకం ఇంటి మిద్దె దగ్గర ఆగిపోతుంది, అక్కడే దీని పరిమితి కనిపిస్తుంది. ట్రంకు రోడ్డులోని బట్టల కొట్టుకు సబ్సిడీ లేదు. అయితే కమర్షియల్ మీటరు మీద 100 యూనిట్లు దాటితే యూనిట్ 9 రూపాయల పైనే, వాడకమంతా పగలే, కాబట్టి సబ్సిడీ లేకపోయినా కొట్టుకే లెక్క బాగా కుదురుతుంది. అపార్టుమెంట్లలో లిఫ్టు, మోటార్ల కోసమైతే కిలోవాటుకు రూ.18,000 ఇస్తారు, కమిటీ పేరున ఉన్న కామన్ సర్వీసు మీద.

రొయ్యల చెరువు దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్కలేవీ పనిచేయవు. ఆక్వా జోనులో చిన్న రైతుకు యూనిట్ రూపాయిన్నరకే వస్తున్నప్పుడు ప్యానల్ మీద పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుంది? పైగా నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపు. ఏరేటర్లు పూర్తిగా తిరగాల్సింది అప్పుడే, సోలారు ఒక్క యూనిట్ కూడా ఇవ్వనిది అప్పుడే. ఆ రాత్రి లోడు పడేది కృష్ణపట్నం పక్కన నేలటూరులో 800 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లున్న దామోదరం సంజీవయ్య కేంద్రంలాంటి బొగ్గు ప్లాంట్ల మీదే. చెరువు గట్టు మీద సోలారు షెడ్డు అమ్మడానికి వచ్చే ఏజెంటును ఒక్కటే అడగండి: రాత్రి రెండింటికి ఏరేటరు దేనితో తిరుగుతుంది, ఆ బ్యాటరీ ధర కొటేషనులో ఏ వరసలో ఉంది.