క్రిస్మస్ కాక్టస్: మొక్కకి 5కి 5, అమ్మే పద్ధతికి 5కి 2

న్యూజెర్సీలో నవంబరు రాగానే సూపర్ మార్కెట్ గుమ్మాల్లో క్రిస్మస్ కాక్టస్ కుండీలు వరసగా పెట్టేస్తారు. 4 అంగుళాల కుండీ, చుట్టూ మెరిసే కాగితం, మట్టిలో గుచ్చిన ప్లాస్టిక్ లేబుల్, కొసల నిండా మొగ్గలు. నాదీ అలా కొన్నదే, ముదురు గులాబీ రంగు, 8 డాలర్లు. ఏటా పూస్తోంది. ఇంత తక్కువ ధరలో, బయట మంచు కురుస్తున్న రోజుల్లో, కిటికీ పక్కన ఇన్ని పూలిచ్చే మొక్క నాకు ఇంకోటి తెలీదు. అందుకే మొక్కకి పూర్తి మార్కులు. దాన్ని అమ్మేవాళ్ళకి మాత్రం ఇవ్వలేను.

ముందు పేరు సంగతి. నవంబరులో క్రిస్మస్ కాక్టస్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం నిజానికి థాంక్స్‌గివింగ్ (నవంబరు చివర్లో వచ్చే అమెరికా పండగ) కాక్టస్, శాస్త్రీయ నామం ష్లుంబర్గెరా ట్రంకాటా. ఆకుల్లా కనిపించే ఆ పచ్చని బిళ్ళలు (ఆకులు కావవి, కాండమే) అంచుల్లో కొక్కేల్లాగా మొనదేలి ఉంటే అదే. అసలు క్రిస్మస్ కాక్టస్ బిళ్ళల అంచులు గుండ్రంగా ఉంటాయి, పూలు కిందికి వేలాడతాయి, పుప్పొడి తిత్తులు ఊదా రంగులో ఉంటాయి. ట్రంకాటాకి పుప్పొడి పసుపు. పెంపకం రెండింటికీ ఇంచుమించు ఒకటే కాబట్టి నష్టం లేదు గానీ, "క్రిస్మస్ అన్నారు, నెల ముందే పూసేసిందేంటి" అని మీరు కంగారు పడకూడదని చెప్తున్నా.

రెండో ఫిర్యాదు ఆ మెరిసే కాగితం. పోసిన నీళ్ళు కింది నుంచి బయటికి పోకుండా దాంట్లోనే నిలుస్తాయి, వేళ్ళు కుళ్ళిపోతాయి. ఇంటికి తేగానే పీకేయండి. మూడోది, నాకు బాగా కోపం తెప్పించేది, లేబుల్. నా కుండీలో ఉన్నదాని మీద వెలుతురు, ఓ మోస్తరు నీళ్ళు, అంతే. వచ్చే ఏడాది మళ్ళీ పూయాలంటే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. పూలయ్యాక మొక్క ఏళ్ళ తరబడి పచ్చగానే ఉండిపోతుంది, ఇంట్లోవాళ్ళు ఎరువు మీద ఎరువు వేస్తారు, చివరికి విసిగిపోయి పారేస్తారు. పారేసే పనే లేదండీ, సరిగ్గా చూసుకుంటే తరాలు మారినా బతికే మొక్క ఇది.

దీనికి కావలసింది ఎరువు కాదు, చీకటి. రోజుకి 13, 14 గంటల కటిక చీకటి, అదీ మధ్యలో తెగకుండా, సుమారు ఆరు వారాలు. దాంతోపాటు రాత్రిపూట కాస్త చల్లదనం, 55 నుంచి 65 డిగ్రీల ఫారన్‌హీట్ అయితే బాగా పడుతుంది. రాత్రి 70 దాటిందంటే ఎంత చీకట్లో పెట్టినా మొగ్గ తొడగడం కష్టం. అదే 50, 55 మధ్య చల్లగా ఉంచగలిగితే చీకటి లెక్క కూడా పెద్దగా పట్టించుకోదు. మన ఇళ్ళల్లో కుదరనిది సరిగ్గా ఇక్కడే. మొక్కని తెచ్చి హాల్లో పెడతాం. హాల్లో రాత్రి పదకొండు దాకా లైట్లు, టీవీ, ఇండియాకి ఫోన్లు. హీటర్ 72లో ఉంటుంది. మొక్క లెక్క ప్రకారం ఇంకా ఎండాకాలం నడుస్తూనే ఉంది, ఇక ఎందుకు పూస్తుంది?

దసరా బొమ్మల కొలువు పెట్టే రోజుల్లో, అంటే సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో మొక్కని గది మార్చండి. ఎవరూ పడుకోని గది ఉంటే అందులో తూర్పు కిటికీ దగ్గర పెట్టి, సాయంత్రం ఆరు తర్వాత పొద్దున ఎనిమిది దాకా అక్కడ లైటు వేయొద్దు. వీధి దీపం వెలుగు పడుతుంటే కర్టెన్ వేయండి, ఆ కాస్త వెలుగు కూడా పని చెడగొట్టొచ్చు. అపార్ట్‌మెంట్‌లో అలాంటి గది లేదంటారా, సాయంత్రం అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే తీసేయండి. పగలు మాత్రం వెలుతురు తగలాల్సిందే, రోజంతా పెట్టెలో మూసేస్తే మొక్క నీరసించిపోతుంది. బాల్కనీ ఉన్నవాళ్ళు ఎండాకాలమంతా నీడలో బయటే ఉంచి, రాత్రులు 50కి దిగేవరకు అక్కడే వదిలేస్తే ఆ చల్లదనానికే చాలావరకు పని అయిపోతుంది. మంచు తగలనివ్వకండి, మంచు తగిలితే మాత్రం మొక్క మిగలదు.

ఆ ఆరు వారాలు నీళ్ళు కొంచెం తగ్గించండి, ఎరువు ఆగస్టు చివరికే ఆపేయండి. బిళ్ళల కొసల్లో ఆవగింజంత మొగ్గలు కనిపించాక చీకటి అవసరం తీరిపోయినట్టే, ఇక హాల్లోకి తెచ్చుకోవచ్చు. కానీ మొగ్గలు రాలిపోయేది కూడా అప్పుడే. హీటర్ గాలి నేరుగా తగిలినా, తలుపు తీసినప్పుడల్లా చలిగాలి కొట్టినా, మట్టి బాగా ఎండినా, బురదలా తడిసినా రాల్చేస్తుంది. వంటింట్లో పళ్ళ బుట్ట పక్కన పెట్టకండి, మాగే అరటిపళ్ళు, యాపిల్స్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి మొగ్గలు రాలతాయి. ఒక చోట పెట్టాక పూలు అయ్యేదాకా కదపకపోవడం ఉత్తమం.

కాక్టస్ అనే మాట చూసి నెలకోసారి చుక్క నీళ్ళు పోసేవాళ్ళున్నారు. ఇది ఎడారి మొక్క కాదు. ఆగ్నేయ బ్రెజిల్ కొండల్లో, రియో డి జనీరో చుట్టుపక్కల తడి అడవుల్లో, చెట్ల కొమ్మల మీదా రాళ్ళ సందుల్లోనూ పెరుగుతుంది. అక్కడ రుతువులు మనకి తలకిందులు, మార్చి తర్వాత రాత్రులు పొడవవుతాయి కాబట్టి మే నెల ప్రాంతంలో పూస్తుంది. మన ఇళ్ళల్లో బ్రహ్మకమలం అని పెంచుకుంటామే, రాత్రి పూసే తెల్ల పువ్వు, అదీ ఇలా చెట్ల మీద పెరిగే కాక్టస్సే, దాన్ని పెంచిన చెయ్యికి ఇది కొత్తేమీ కాదు. పైన ఒక అంగుళం మట్టి ఎండాక బాగా పోసి, పళ్ళెంలో దిగిన నీళ్ళు పారబోయాలి. మట్టి గుల్లగా ఉండాలి: మామూలు పాటింగ్ మిక్స్‌లో పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు), దొరికితే ఆర్కిడ్లకి వాడే బెరడు ముక్కలు కలపండి. పెద్ద కుండీకి తొందరపడొద్దు, వేళ్ళు కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది. మార్చాలనుకుంటే పూలు పూర్తిగా అయిపోయాక మార్చండి. నేరుగా ఎండ తగిలితే బిళ్ళలు ఎర్రబారతాయి, కాస్త లోపలికి జరిపితే సరిపోతుంది.

పసుపు రంగుది కొని, మొగ్గలు విచ్చుకునే రోజుల్లో చల్లటి చోట ఉంచితే రేకులకి గులాబీ ఛాయ వస్తుంది. రంగు మార్చి మోసం చేశారని షాపు వాళ్ళతో గొడవకి వెళ్ళకండి, దాని స్వభావమే అంత. ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నవాళ్ళు కూడా నిశ్చింతగా కొనుక్కోవచ్చు, విషపూరితం కాదు.

హైదరాబాద్‌లో మా అక్కయ్య కూడా అడుగుతోంది, అక్కడ పెంచొచ్చా అని. డిసెంబరు రాత్రులు 15 సెల్సియస్ దగ్గరికి దిగుతాయి కాబట్టి పూయడానికి ఇబ్బంది లేదు, బాల్కనీలో రాత్రి ట్యూబ్‌లైట్ పడకుండా చూసుకుంటే చాలు. కష్టమల్లా ఏప్రిల్, మే నెలలే, 40 దాటే ఎండల్లో మంచి నీడా గాలీ ఇచ్చి గట్టెక్కించాలి. బెంగళూరు వాళ్ళకి ఆ తిప్పలు చాలా తక్కువ.

ఒక్క కుండీ కొంటే చాలు, మిగతావి మీరే చేసుకోవచ్చు. పూలయ్యాక రెండు మూడు బిళ్ళల కొమ్మని మెలితిప్పి తుంచి, ఒకట్రెండు రోజులు ఆరనిచ్చి, తడి మట్టిలో గుచ్చితే కొన్ని వారాల్లో వేరు పడుతుంది. నేను అలా చేసిన చిన్న కుండీలు సంక్రాంతి పేరంటానికి వచ్చినవాళ్ళకి పసుపు కుంకుమతో పాటు ఇస్తుంటాను, ప్లాస్టిక్ డబ్బాల కన్నా నయం కదా.

కొనేటప్పుడు అన్నీ విచ్చుకున్నది కాకుండా సగం మొగ్గల మీద ఉన్నది ఏరుకోండి. కారు దాకా తీసుకెళ్ళేటప్పుడు పైన కాగితపు సంచి తొడిగించండి, ఆ కాసేపు చలికే మొగ్గలు రాలగలవు. క్రిస్మస్ అయ్యాక కొన్ని షాపుల్లో సగం ధరకే ఇస్తారు, పూలు లేకపోయినా తీసుకోవచ్చు. మట్టికి దగ్గరున్న బిళ్ళల్ని వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే తెచ్చుకోండి, మెత్తగా ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.